జీపా, పికప్పా? గ్రామమునకు తగిన వాహనమును ఎన్నుకొనుట

గ్రామమునకు ఒక మోటారు వాహనము కావలెనను మాట పంచాయతీ సమావేశములో వచ్చినప్పుడు సభ్యులు మొదట అడుగు ప్రశ్న ఖరీదెంత యని. రెండవది ఏ కంపెనీది యని. ఈ రెండును అడుగదగినవే. కాని వీనికి ముందుగా అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఈ వాహనము మనకు ఏ పని చేయవలెను? ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పుకొనకుండ కొన్న వాహనము పంచాయతీ కార్యాలయపు చెట్టు క్రింద నిలిచి తుప్పు పట్టుటయో, చేయగూడని పనికి వినియోగపడి ప్రాణములకు ముప్పు తెచ్చుటయో జరుగును. తొందరపడి కొన్న ఎద్దును వచ్చే సంతలో నష్టమునకైనను అమ్ముకొనవచ్చును. పంచాయతీ సొమ్ముతో కొన్న వాహనమును ఏండ్ల తరబడి మోయక తప్పదు.

నేడు గ్రామముల యెదుట తరచుగా నిలుచు ఎంపిక రెండు తరగతుల మధ్య నున్నది. మొదటిది రాళ్లలో, బురదలో, వాగులలో పోగల జీపు తరగతి బండి. రెండవది ముందు కేబిను, వెనుక తొట్టి గల మధ్యతరహా పికప్పు. కొనునది పంచాయతీయే కావచ్చును. రైతు ఉత్పత్తిదారుల సంఘమో, సహకార పరపతి సంఘమో, మహిళా సమాఖ్యయో కొనదలచి సభ్యుల సలహా అడుగవచ్చును. అట్టి సమయమున ఉపయోగపడు విషయములను ఈ పాఠమున వరుసగా పరిశీలింతము.

1. రెండు బండ్ల పుట్టుక

వస్తువు ఎందుకు పుట్టినదో తెలిసినచో అది దేనికి పనికివచ్చునో సగము తెలిసినట్లే. జీపు యుద్ధభూమిలో పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లో, అమెరికా సైన్యము కొరకు విల్లీస్ కంపెనీ దానిని పెద్దయెత్తున తయారుచేయ నారంభించినది. సైన్యము దానిని పావుటన్ను వాహనముగా లెక్కించినది. అనగా మనుష్యులను, కొద్దిపాటి సామానును దారిలేని చోటికి వేగముగా చేర్చుటయే దాని పని. బరువులు మోయుట కాదు. మన దేశమున మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట మొదలిడినది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు అధికారి జీపు మన పల్లెలకు పరిచితమైనది. 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిన నాటి పెద్దలకు జీపనగా ప్రభుత్వమే కదలివచ్చినట్లు. ఆ గౌరవము నేటికిని కొంత మిగిలియున్నది. కాని గౌరవము వేరు, పని వేరు.

పికప్పు పుట్టుక పొలములో. 1925లో అమెరికాలోని ఫోర్డు కంపెనీ తన చిన్న కారు వెనుక భాగమున తొట్టి నమర్చి కర్మాగారము నుండియే పికప్పుగా అమ్మజూపినది. రైతు తన పాలకడవలను, ధాన్యపు బస్తాలను, పనిముట్లను వేసికొని పోవుటకే అది ఉద్దేశింపబడినది. మన దేశమున 1988లో వెలువడిన టాటా మొబైలుతో ఈ తరగతికి ఆదరణ పెరిగినది. నేడు మహీంద్రా బొలెరో పికప్పులు దేశమంతటను తిరుగుచున్నవి. చిత్తూరు సీమలోని శ్రీసిటీలో 2016లో ఉత్పత్తి ప్రారంభించిన ఇసుజు కర్మాగారము నుండి డీ-మ్యాక్స్ పికప్పులు వచ్చుచున్నవి. జీపు తరగతిలో మహీంద్రా థార్ 2010లో వచ్చి, 2020లో క్రొత్తరూపు దాల్చినది. ఐదు ద్వారముల థార్ రాక్స్ 2024లో వచ్చినది.

ఈ రెండు తరగతులలోను ఒక పోలిక కలదు. రెండింటికిని క్రింద నిచ్చెన వంటి ఉక్కుచట్రము ఉండును. దానిమీద పైభాగమును బిగింతురు. అందుచేత రెండును గతుకుల బాటను తట్టుకొనును. భేదమంతయు ఆ చట్రము పొడవునందును, దానిమీద పెట్టిన భాగమునందును ఉన్నది.

2. పొడవు, ఎత్తు, మలుపు

మూడు ద్వారముల థార్ పొడవు 3,985 మిల్లీమీటర్లు. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడిమి దూరము 2,450 మిల్లీమీటర్లు. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పొడవు 5,295 మిల్లీమీటర్లు; చక్రముల నడిమి దూరము 3,095 మిల్లీమీటర్లు. అనగా పికప్పు నాలుగడుగులకు పైగా అధికముగ పొడవున్నది. ఘాటుదారిలో మలుపు తిరుగునప్పుడును, ఇరుకు వీధిలో వెనుకకు మరలునప్పుడును ఈ అదనపు పొడవు తెలియవచ్చును.

మరియొక సంగతి. మిట్ట నెక్కి దిగునప్పుడు ముందు చక్రములు మిట్టను దాటి, వెనుక చక్రములు ఇంకను ఎక్కుచుండగా బండి నడిమిభాగము నేలకు తగులును. చక్రముల నడిమి దూరము ఎంత యెక్కువైన ఈ ప్రమాదము అంత యెక్కువ. కర్ర మధ్యను రాయి పెట్టి చూచినచో పొట్టికర్ర కంటె పొడుగుకర్ర ముందుగా రాతికి తగులుట ఎట్లో ఇదియు నట్లే. బండి ముందుభాగము నేల నుండి ఎంత పైకి లేచియున్నదో, వెనుకభాగము ఎంత దూరము వ్రేలాడుచున్నదో గూడ చూడవలెను. పికప్పు తొట్టి వెనుక చక్రములను దాటి చాలదూరము వెనుకకు వచ్చియుండును. కనుక వాగుగట్టు దిగి మరల నెక్కునప్పుడు ఆ తోక నేలకు గీసికొనును. థార్ అడుగుభాగమునకును నేలకును 226 మిల్లీమీటర్ల ఎడము కలదు. ముందువైపు 41 డిగ్రీలకు పైబడిన నిటారు గట్టును ముక్కు తగులకుండ ఎక్కగలదు. బాట యెంత చెడ్డదైన జీపునకు అంత పైచేయి.

పై కొలతలు చూపి డీలరు జీపును పొగడును. మనము అడుగవలసిన దేమనగా, మన గ్రామపు బాటలో అట్టి గట్టు ఎన్ని చోట్ల నున్నది? కొనుటకు ముందు ఇద్దరు సభ్యులు కొలతబద్దతో బాట పొడవునను నడిచి, ఇరుకు మలుపులను, వాగు రేవులను, ఎత్తు మిట్టలను వ్రాసికొని రావలెను. ఒక్కపూట నడక కొన్ని లక్షల రూపాయల పొరపాటును తప్పింపగలదు.

3. నాలుగు చక్రముల బలము

సామాన్యమైన పికప్పులో ఇంజను బలము వెనుక రెండు చక్రములకే పోవును. తొట్టి ఖాళీగా నున్నప్పుడు వెనుకభాగము తేలికయగును. చక్రములు నేలను గట్టిగా అదుమలేవు. తడిసిన నల్లరేగడిలోను, ఎఱ్ఱమట్టి యెక్కుడులోను అవి ఉన్నచోటనే తిరుగును. బరువు వేసినచో పట్టు కొంత పెరుగును. అందుచేతనే అనుభవజ్ఞులైన డ్రైవర్లు వానకాలమున ఖాళీ తొట్టిలో నాలుగు ఇసుక బస్తాలు వేసికొందురు.

జీపులోను, కొన్ని పికప్పులలోను నాలుగు చక్రములకును బలము పంచు ఏర్పాటుండును. దానితోపాటు తక్కువ వేగపు గేరు మరియొకటి ఉండును. అది చక్రములకు చేరు తిప్పుబలమును సుమారు రెండున్నర రెట్లు చేయును. వేగము ఆ మేరకు తగ్గును. నిటారు దారిలో మెల్లగా ఎక్కుటకును, బ్రేకుపై భారము మోపకుండ దిగుటకును ఇది మిక్కిలి ఉపయోగకరము. కాని పొడిగా నున్న తారురోడ్డు మీద నాలుగు చక్రముల గేరు వేసి నడుపగూడదు. మలుపులో ముందు చక్రములును వెనుక చక్రములును వేరువేరు దూరములు తిరుగును. బురదలో జారుటచే ఆ తేడా సరిపడిపోవును. తారు మీద జారుటకు వీలులేక టైర్లు అరిగి, పండ్లచక్రములు దెబ్బతినును. ఇది తెలియని డ్రైవరు చేతిలో మంచి బండియు ఒక్క సంవత్సరమున పాడగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. నాలుగు చక్రముల బండి వరదలో పోగలదను నమ్మకము ఎందరి ప్రాణములనో బలిగొన్నది. 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో పోవచ్చునని కంపెనీవారు చెప్పు మాట నిలుకడ నీటికి వర్తించునది. పారు నీరు వేరు. ఒక అడుగు లోతున వేగముగా పారు నీరు చిన్న కార్లను తేల్చగలదు. రెండడుగుల ప్రవాహము జీపులను, పికప్పులను గూడ కొట్టుకొనిపోగలదు. పైగా ఎఱ్ఱనీటి క్రింద చప్టా మిగిలియున్నదో, కోసికొనిపోయినదో పైకి కనబడదు. చప్టాపై నీరు పొంగి పారుచున్నప్పుడు ఏ బండినైనను ఒడ్డుననే నిలుపవలెనని పంచాయతీ తీర్మానించి, చప్టాకు రెండువైపులను అడుగుల గుర్తుగల రాతికంబము నాటింపవలెను. దీనికగు ఖర్చు బహు స్వల్పము.

4. బరువు లెక్క

రిజిస్ట్రేషను పత్రములో రెండు అంకెలుండును. ఒకటి ఖాళీబండి బరువు. రెండవది బండి, మనుష్యులు, సరకు కలిసి మించగూడని స్థూలభారము. రెండవదాని నుండి మొదటిదానిని తీసివేయగా మిగిలినదే మనము మోయింపదగిన బరువు. అందులో మనుష్యుల బరువును చేరియున్నదని మరువరాదు.

ఉదాహరణమునకు ఒక పికప్పు స్థూలభారము 2,900 కిలోలు, ఖాళీబరువు 1,700 కిలోలు అనుకొందము. తేడా 1,200 కిలోలు. కేబినులో ముగ్గురు, మనిషికి 65 కిలోల చొప్పున 195 కిలోలు. మిగిలినది 1,005 కిలోలు. అనగా 50 కిలోల బస్తాలు ఇరువది. ఇరువదియొకటవ బస్తా చట్టమునకును, బ్రేకునకును గూడ మించినది. ఒక జీపు స్థూలభారము 2,300, ఖాళీబరువు 1,800 కిలోలు అనుకొందము. తేడా 500. నలుగురు కూర్చొన్న 260 పోగా మిగిలినది 240 కిలోలు. అనగా నాలుగు బస్తాలు. నలుగురు కూర్చొన్న తరువాత ఆ నాలుగు బస్తాలు పెట్టుటకు లోపల చోటు గూడ కష్టమే.

మంచినీటి సరఫరా కొరకు పికప్పు కొనదలచువారు మరియొక లెక్క చూచుకొనవలెను. లీటరు నీరు ఒక కిలో. వెయ్యి లీటర్ల నీరు వెయ్యి కిలోలు. తొట్టె బరువు దానికి అదనము. పై ఉదాహరణములోని పికప్పు వెయ్యి లీటర్ల తొట్టెను నిండుగా మోయజాలదని దీనివలన తేలుచున్నది. సగము నిండిన తొట్టెలో నీరు అటునిటు కదలి మలుపులో బండిని ఒరగద్రోయును. కనుక నీటిపనికి ట్రాక్టరు టాంకరు మేలు. తెలంగాణమున 2019లో మొదలిడిన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, టాంకరు సమకూర్పబడినవి. అట్టి ట్రాక్టరు ఉన్న గ్రామము నీటికిని, చెత్తకును మరల పికప్పు కొనుట ఒకే పనికి రెండు జతల ఎడ్లను కట్టినట్లగును.

5. తొట్టిలో మనుష్యులు

ఈ పాఠమునందు అన్నింటికంటె ముఖ్యమైన భాగ మిది. పెండ్లికి, జాతరకు, కూలికి, చావునకు పికప్పు తొట్టిలో ఇరువది ముప్పదిమంది నిలుచుండి పోవుట మన పల్లెలలో నిత్యము చూచుచున్నాము. తొట్టిలో సీటు లేదు, పట్టీ లేదు, పైకప్పు లేదు. మలుపులో బండి ఒరిగినచో అందరును ఒకేవైపునకు పడి దానిని పూర్తిగా బోర్లవేయుదురు. ఇట్టి ప్రమాదములలో ఒకే ఇంటివారు ముగ్గురు నలుగురు మరణించిన వార్తలు మనము చదువుచునే యున్నాము.

మరణము తరువాతి కష్టము మరియొకటి కలదు. సరకుల బండిలో ఊరకయో, కూలి యిచ్చియో ప్రయాణించు మనుష్యులకు బీమా కంపెనీ బాధ్యత వహింపనక్కరలేదని 2002లో ఆశారాణి కేసునందు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1994 సవరణ వలన సరకుతోపాటు వెళ్లు సరకు యజమానికి, లేదా ఆయన ప్రతినిధికి మాత్రము బీమా రక్షణ కలదు. అనగా తన మిరపబస్తాలతో మార్కెటునకు పోవు రైతు కేబినులో కూర్చొన్నచో ఆయన కుటుంబమునకు ఆధారముండును. తొట్టిలో నిలిచిన పెండ్లివారికి ఉండదు. నష్టపరిహారపు భారము బండి యజమానిపై పడును. ఆ యజమాని పంచాయతీయో, సంఘమో యైనచో ఆ భారము గ్రామమంతటిది.

కనుక గ్రామమునకు ముఖ్యావసరము మనుష్యుల రవాణా యైనచో పికప్పు కొనగూడదు. కొన్న తరువాత ‘ఈ ఒక్కసారికి’ అని అడుగువారికి కాదని చెప్పు ధైర్యము ఏ అధ్యక్షునికిని సులభము కాదు. వాహనమును సరిగా ఎన్నుకొన్నచో ఆ సంకటమే రాదు.

రెండు వరుసల సీట్లు గల డబుల్ కేబిను పికప్పు ఈ రెండవసరములకును మధ్యేమార్గముగా తోచును. ఐదుగురు లోపల కూర్చొందురు, వెనుక చిన్న తొట్టి ఉండును. కాని ఆ తొట్టి పొడవు తగ్గుట వలన ఒంటికేబిను పికప్పునకు పట్టినంత సరకు పట్టదు. రెండు పనులును కొంచెము కొంచెము చేయును. తరచుగా నలుగురైదుగురు సిబ్బంది పనిముట్లతో తిరుగవలసిన చోట, అనగా బోరుబావుల మరమ్మతు, వీధిదీపముల పని, పశువైద్య శిబిరము వంటి వానికి, ఇది సరిపోవును.

6. చట్టము, లైసెన్సు, పన్ను

సరకుల పికప్పు రవాణా వాహనము. స్థూలభారము 3,000 కిలోలకు మించనిచో దానికి పర్మిటు అవసరము లేదని 1988 మోటారు వాహనముల చట్టము 66వ సెక్షను చెప్పుచున్నది. స్థానిక సంస్థకు చెంది కేవలము పారిశుద్ధ్యమునకో, వీధులలో నీరు చల్లుటకో ఉపయోగించు వాహనమునకును పర్మిటు మినహాయింపు కలదు. కాని సామర్థ్యపత్రము తప్పదు. క్రొత్త బండికి మొదట రెండేండ్లకును, ఎనిమిదేండ్ల వయస్సు వచ్చువరకు రెండేండ్లకొకసారియు, ఆపై ఏటేటను పరీక్ష చేయింపవలెను. సొంత వాడుకకు రిజిస్టరైన జీపునకు మొదటి పదునైదేండ్ల వరకు ఈ పని లేదు. అయితే అట్టి జీపులో కూలి తీసికొని మనుష్యులను ఎక్కించుట నేరము.

అధికభారము వేసినచో 2019 సవరణ ప్రకారము చట్టములో నిర్దేశించిన జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలు. ఇరువదియొకటవ బస్తా వెల ఎంతో దీనివలన తెలియుచున్నది.

డ్రైవరు విషయము. తేలిక మోటారు వాహనపు లైసెన్సు గలవారు 7,500 కిలోల స్థూలభారమునకు మించని రవాణా వాహనమును వేరు అనుమతి లేకుండ నడుపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు ఇచ్చినది. కనుక జీపు నడుపు యువకుడు పికప్పును గూడ నడుపవచ్చును. కాని బరువుతో నున్న బండి బ్రేకు వేసిన తరువాత ఎంత దూరమునకు ఆగునో అతనికి నేర్పవలెను.

పన్నులోను భేదము కలదు. 2025 సెప్టెంబరు 22న అమలులోనికి వచ్చిన మార్పుల ప్రకారము సరకుల రవాణా వాహనములపై వస్తుసేవల పన్ను 18 శాతము. నాలుగు మీటర్లకు మించిన, లేదా 1,500 సీసీకి మించిన డీజిల్ ఇంజను గల జీపు తరగతి బండ్లపై 40 శాతము. కొటేషను తీసికొనునప్పుడు బండి వెలను, పన్నును, రిజిస్ట్రేషను ఖర్చును, బీమాను వేరువేరుగా వ్రాయింపవలెను.

పంచాయతీ స్వయముగా కొన్నచో మరియొక నిబంధన గుర్తుంచుకొనవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వములకును, పంచాయతీల వంటి స్థానిక సంస్థలకును చెందిన వాహనముల రిజిస్ట్రేషను 15 సంవత్సరములు నిండిన తరువాత పొడిగింపబడదు. బండి ఎంత బాగున్నను తుక్కుక్రింద పోవలసినదే. ఇక ఏ నిధి నుండి కొనుచున్నారో, ఆ నిధి ఏ పనికి నిర్దేశింపబడినదో ముందుగా పై అధికారుల నుండి వ్రాతమూలముగ తెలిసికొనవలెను. తాగునీటి నిధితో కొన్న బండి తాగునీటి పనియే చేయవలెను.

7. కొనుటయా, కిరాయికి తీసికొనుటయా?

వాహనపు ఖర్చు రెండు విధములు. బండి కదలినను కదలకున్నను అగునది ఒకటి. కదలినకొలది అగునది మరియొకటి. ఒక ఉదాహరణము వేసి చూతము. ఈ అంకెలు లెక్కనేర్చుటకే. మీ ఊరి ధరలు మీరు వేసికొనవలెను.

పది లక్షల రూపాయలకు కొన్న పికప్పు పదేండ్లకు రెండు లక్షలకు అమ్ముడుపోయిన, ఏటి తరుగుదల 80,000 రూపాయలు. డ్రైవరు జీతము నెలకు 15,000 చొప్పున 1,80,000. బీమా, పన్ను, సామర్థ్యపరీక్ష కలిసి 40,000. ఏటికి స్థిరమైన ఖర్చు 3,00,000. ఇక నడిచిన ఖర్చు: డీజిలు కిలోమీటరునకు 8 రూపాయలు, టైర్లు, నూనె, మరమ్మతు 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు. ఏటికి 10,000 కిలోమీటర్లు తిరిగినచో కిలోమీటరునకు 30కి 12 కలిసి 42 రూపాయలు పడును. 25,000 కిలోమీటర్లు తిరిగినచో 12కి 12 కలిసి 24 రూపాయలే. మీ ప్రాంతమున కిరాయి 30 రూపాయలైనచో మొదటి గ్రామము ఏటికి 1,20,000 రూపాయలు నష్టపోవును. రెండవది 1,50,000 రూపాయలు మిగుల్చుకొనును. ఏటికి సుమారు 16,700 కిలోమీటర్లకు తక్కువ తిరుగు బండిని ఈ లెక్క ప్రకారము కొనుటకంటె కిరాయికి తీసికొనుటయే మేలు.

ఈ లెక్కకు లాగుబుక్కు ఆధారము. కొనుటకు ముందు మూడు నెలలపాటు గ్రామములో వాహనము అవసరమైన ప్రతి సందర్భమును ఒక నోటుబుక్కులో వ్రాయుడు: తేది, పని, దూరము, మనుష్యుల సంఖ్య, సరకు బరువు, బాట స్థితి. ఆ పుస్తకమే అసలైన సలహాదారు.

8. రెండు గ్రామములు

ఇప్పుడు రెండు రకముల గ్రామములను ఊహించుకొందము. ఒకటి డెల్టాలోని కూరగాయల గ్రామము. ఊరివరకు తారురోడ్డున్నది. ప్రతిదినమును తెల్లవారకముందే వంకాయ, బెండ, దోస పట్టణములోని రైతుబజారునకు చేరవలెను. 1999లో రైతుబజార్లు ప్రారంభమైన నాటినుండి రైతు తన పంటను తానే అమ్ముకొను వీలు కలిగినది. కాని వేళకు చేరని కూరకు వెల లేదు. ఈ గ్రామమునకు రెండు చక్రముల బలముగల ఒంటికేబిను పికప్పు చాలును. నాలుగు చక్రముల బలమునకై అదనపు సొమ్ము పెట్టుట వ్యర్థము. జీపు కొనుట అంతకంటె వ్యర్థము.

రెండవది పాడేరు మన్యము వంటి కొండసీమలోని గ్రామము. కాఫీ, మిరియము, పసుపు పండును. చివరి నాలుగు కిలోమీటర్లు మట్టిబాట. నడుమ రెండు గెడ్డలు. సరకు కదలునది ముఖ్యముగా కాఫీ కోతకాలమున, అనగా నవంబరు నుండి ఫిబ్రవరి వరకు. అప్పుడు బాట పొడిగా నుండును. కిరాయి పికప్పు ఊరికి రాగలదు. జ్వరములు ముసురునది వానలలో. అప్పుడు పికప్పు రాదు; 108 బండి తారురోడ్డు చివరనే నిలిచిపోవును. రోగిని డోలీలో మోసికొని పోవలసిన దుస్థితి ఆ కాలమునదే. పంట మోత ఒక ఋతువున, ప్రాణాపాయము మరియొక ఋతువున వచ్చుచున్న దన్నమాట. కనుక ఈ గ్రామము సరకునకై పికప్పును ఋతువున కిరాయికి తీసికొని, మనుష్యులకై జీపు నుంచుకొనుట యుక్తమని మా అభిప్రాయము.

కాని ఏ జీపు? మూడు ద్వారముల బండిలో వెనుకకు పోవలెనన్న ముందు సీటు వంచి దూరవలెను. నొప్పులు పడుచున్న గర్భిణి అట్లు దూరగలదా? ఆమె తల్లి ప్రక్కన కూర్చొని పట్టుకొనగలదా? ఐదు ద్వారముల బండియైన మేలు. కొనుటకు ముందు గ్రామములోని ఆశా కార్యకర్తను, ఇద్దరు వృద్ధ స్త్రీలను ఆ బండిలో ఎక్కించి దింపి చూడవలెను. షోరూములో యువకులు మాత్రమే ఎక్కి చూచి ‘బాగున్నది’ అనుట పరీక్ష కాదు.

ఇంకొక మాట. దారిలేని చోటికి ఏ వాహనమును దారిని వెంటబెట్టుకొని పోజాలదు. ఆ రెండు గెడ్డలపై రెండు చప్టాలు వేసి, నాలుగు కిలోమీటర్ల బాటకు గ్రావెలు పోసి కాలువలు తీసినచో మామూలు ఆటోయే ఊరిలోనికి వచ్చును. 108 బండియు వచ్చును. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన ఉద్దేశము గూడ సర్వకాలములందు పనికివచ్చు బాటయే. జీపు నలుగురిని మోయును. బాట అందరిని మోయును. బాట కొరకు అర్జీ పెట్టుట మాని జీపుతో తృప్తిపడిన పంచాయతీ పదునైదేండ్ల తరువాత బండియు బాటయు లేక నిలుచును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

ఈ పాఠమును చదివిన పిమ్మట సభ్యులు క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొని, గ్రామసభ యెదుట చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.

1. గడచిన మూడు నెలలలో మన గ్రామమునకు వాహనము ఎన్నిసార్లు అవసరమైనది? అందులో మనుష్యుల కొరకు ఎన్ని, సరకు కొరకు ఎన్ని?
2. సంవత్సరములో ఎన్ని దినములు మామూలు బండి మన ఊరికి రాలేకపోవుచున్నది? ఏ చోట ఆగిపోవుచున్నది? ఆ చోటును బాగుచేయుటకు ఖర్చెంత?
3. ఒకసారి మోయవలసిన అత్యధిక బరువు ఎన్ని కిలోలు? రిజిస్ట్రేషను పత్రము ప్రకారము ఏ బండి దానిని మోయగలదు?
4. ఏటికి ఎన్ని కిలోమీటర్లు తిరుగును? సొంతబండి ఖర్చు, కిరాయి ఖర్చు, రెండింటిని లెక్కించితిమా?
5. డ్రైవరు జీతము, బీమా, మరమ్మతు ఏటేట ఏ నిధి నుండి వచ్చును?
6. తొట్టిలో మనుష్యులను ఎక్కింపరాదని, పారు నీటిలోనికి బండిని దింపరాదని తీర్మానము చేసితిమా? అతిక్రమించువారిని అడ్డగించు బాధ్యత ఎవరిది?

ఈ ఆరింటికిని సమాధానములు దొరకినచో జీపా, పికప్పా అను ప్రశ్న తనంతట తానే తీరును. కొన్ని గ్రామములలో ఈ రెండును వలదని, బాటయే ముందు కావలెనని సమాధానము వచ్చును. అట్టి సమాధానము వచ్చిన గ్రామము వెనుకబడినదని ఎవరును అనుకొనరాదు. తన సొమ్మును, తన ప్రజల ప్రాణములను లెక్కచూచుకొన్న గ్రామమని దానిని మెచ్చుకొనవలెను.